టిక్కు పక్కన కుంకుమ మరక

కారు తలుపుకు హ్యాండిల్ కనబడకుండా దాచెయ్యడం గొప్ప డిజైన్ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రిటైరయ్యాను, బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున్నే బీచ్ వెంట నడుస్తున్నాను. అయినా మండుతుంది.

బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నాను. ఈ దేశం వచ్చాక లోవర్ హట్‌లో ఒక చిన్న గరాజ్‌లో చేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆక్లాండ్‌లో ఖరీదైన యూరప్ కార్లు అమ్మే ఒక షోరూమ్ వర్క్‌షాప్‌లో ఉన్నాను. ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఇక్కడ చదువుకుని ఈ పనిలోకి వస్తున్నారు. మా ఇంటికొచ్చి, "అంకుల్, ఏదైనా సలహా చెప్పండి" అంటారు. ఏ పనిముట్లు కొనాలి, ఏ షోరూమ్‌లో చేరాలి అని వాళ్ళ ఉద్దేశం. అవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నేను చెప్పేది ఒక కారు గురించి, ఒక కాగితం గురించి, దానిమీద నేను పెట్టిన ఒక టిక్కు గురించి. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

గ్రేమ్ చించిన కాగితం

లోవర్ హట్‌లో నా మొదటి బాస్ పేరు గ్రేమ్. మాట తక్కువ, గొణుగుడు ఎక్కువ. ఇక్కడ ప్రతి కారుకూ రోడ్డెక్కడానికి పనికొస్తుందని తేల్చే వారెంట్ తనిఖీ ఉంటుంది. బ్రేకులు, టైర్లు, లైట్లు, బెల్టులు అన్నీ చూసి కాగితం మీద టిక్కులు పెట్టి సంతకం చెయ్యాలి. చేరిన మొదటి నెలలోనే ఒక పాత వ్యానుకు నేను అన్ని టిక్కులూ పెట్టేశాను. వెనక సీట్లో మధ్య బెల్టు లాగి చూడలేదు. పక్క రెండూ బాగానే ఉన్నాయి కదా, ఇదీ బాగానే ఉంటుందనుకున్నాను.

గ్రేమ్ వచ్చి ఆ మధ్య బెల్టు లాగాడు. మొదలంటా ఊడి చేతిలోకొచ్చింది. ఆయన నన్ను తిట్టలేదు. నా కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసి నా జేబులోనే పెట్టాడు. "నీ చెయ్యి తగలని చోట నీ పెన్ను కూడా తగలకూడదు, రావ్" అన్నాడు. అంతే. మధ్యాహ్నం మళ్ళీ కొత్త కాగితం ఇచ్చాడు. ఆ నాలుగు ముక్కల్నీ చాలాకాలం పర్సులో పెట్టుకు తిరిగాను. ఆక్లాండ్ మారేటప్పుడు ఎక్కడో పోయాయి. అవి పోయినట్టే బుద్ధి కూడా పోయిందని తర్వాత తెలిసింది.

ఆ కారు

రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, కూపే అంటారు. ముందు ఇద్దరు రాజాల్లా కూర్చుంటారు. వెనక ఇద్దరు కూర్చోవచ్చని పుస్తకంలో రాసి ఉంటుంది. చిన్నపిల్లలైతే పడతారు. వెనక సీటుకు వేరే తలుపు ఉండదు. ముందు సీటు మోటారు మీద ముందుకు వంగితేనే వెనకవాళ్ళు దిగగలరు.

అబద్ధం చెప్పను, అందమైన కారు. ముందు నుంచి వెనకదాకా ఒక్క గీతలో చెక్కినట్టుంటుంది. తలుపు హ్యాండిళ్ళు బాడీలో కలిసిపోయి ఉంటాయి, తాళంచెవి జేబులో పెట్టుకుని దగ్గరికొస్తే వాటంతట అవే బయటికొస్తాయి. లోపల హ్యాండిలే లేదు, చిన్న బటన్ ఉంది. అది నొక్కితే అద్దం ముందు వేలెడు కిందికి దిగుతుంది, తర్వాత తలుపు విడుతుంది. అద్దం చుట్టూ ఫ్రేము లేదు కాబట్టి అలా దిగితీరాలి. బయటి చప్పుడు లోపలికి రాకుండా అద్దాలు రెండు పొరలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. సుత్తితో కొట్టినా బీటలు వారతాయి తప్ప రాలిపడవు. పైకప్పు మొత్తం గాజే. లోపలంతా నల్లటి తోలు.

ఒక్కొక్కటి విడిగా చూస్తే ఎవరూ తప్పు పట్టలేరు. అన్నీ కలిపి, బ్యాటరీ చచ్చిపోతే లోపలున్న మనిషి గతేమిటని చూసినవాడెవడు? చూశారు. చూసి, ఆ జవాబును దాచిపెట్టారు. ముందు తలుపు జేబులో రబ్బరు మ్యాట్ ఉంటుంది. దాన్ని ఎత్తితే చిన్న నల్లటి తాడు ఉంటుంది. అది లాగితే కరెంటు లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. బయటినుంచి తెరవాలంటే డ్రైవర్ హ్యాండిల్ ముందు కొసను లోపలికి నొక్కాలి. అప్పుడు వెనక కొస పైకి లేస్తుంది, దాని కింద ఒక మూత, మూత కింద తాళం రంధ్రం. ఆ తాళానికి వేసే ఇనుప చెవి రిమోట్ లోపల ఇమిడి ఉంటుంది. ఎవరైనా చూపిస్తే తప్ప ఇవేవీ మానవమాత్రుడికి తట్టవు. నిప్పంటుకుంటే పారిపోయే దారి ఇంటివాళ్ళకు కనబడకుండా గోడలో కట్టి, పైన అందంగా సున్నం వేసినట్టు.

అందుకే కారు అప్పగించే రోజు ఆ తాడునూ ఆ రంధ్రాన్నీ కస్టమర్‌కు చూపించాలని మా షోరూమ్ కాగితంలో ఒక గడి ఉంది. చూపించడానికి పది నిమిషాలు పడుతుంది.

పదిన్నరకు రాహుకాలం

శ్రీకాంత్‌ది ఒంగోలు. ఇక్కడ ఐటీలో మంచి ఉద్యోగం, బోటనీ డౌన్స్‌లో ఇల్లు. చాన్నాళ్ళుగా మనసు పడి, ఆ కారు కొనుక్కున్నాడు. శుక్రవారం సెలవు పెట్టి భార్య శైలజనూ కూతురు అన్వినీ తీసుకుని పురోహితుడితో సహా వచ్చాడు. అన్వికి ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తోంది. పట్టు పరికిణీ, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు.

మా సర్వీస్ మేనేజర్ క్రెయిగ్ వర్క్‌షాప్‌లోకి వచ్చి, "రావ్, మీవాళ్ళొచ్చారు. ఆ కొబ్బరికాయలేవో బయట కొట్టించు, లోపల టైల్స్ పాడవుతాయి" అన్నాడు. నాకు గర్వంగా ఉంది. మన తెలుగువాడు అలాంటి కారు కొనడం, దాన్ని అప్పగించే పని నాకు రావడం. చేతులు కడుక్కుని, షర్టు మార్చుకుని వెళ్ళాను.

సేల్స్ అమ్మాయి అప్పటికే తన పని మొదలుపెట్టింది. శ్రీకాంత్‌ను లోపల కూర్చోబెట్టి తలుపు వేసింది. "ఇప్పుడు బయటినుంచి ఆయన్ని గట్టిగా పిలవండి" అని శైలజతో అంది. శైలజ నవ్వుతూ పిలిచింది. తర్వాత అన్వి అద్దానికి మొహం ఆనించి "డాడ్, డాడ్" అని అరిచింది. లోపల శ్రీకాంత్ చెవి దగ్గర చెయ్యిపెట్టి, వినబడటం లేదన్నట్టు తల ఊపాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆ అద్దం ఎంత గొప్పదో చూపించడానికి మాకు టైముంది.

పురోహితుడు గడియారం చూసుకుని, "పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుందండీ, కానివ్వండి మరి" అన్నాడు. అది ఇండియా లెక్కో, ఆక్లాండ్ సూర్యుడి లెక్కో అడిగే ధైర్యం అక్కడెవరికీ లేదు. బానెట్ మీద పసుపు, కుంకుమ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పది దాటి ఇరవై నిమిషాలైంది. క్రెయిగ్ దూరంనుంచి కాగితం ఊపుతూ, "సంతకాలు, రావ్" అన్నాడు.

నేను గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అత్యవసరంగా తలుపు తెరిచే విధానం చూపించడమైనది, టిక్కు. చూపించలేదు. చూపించాలని గుర్తుంది. ముందు ముహూర్తం దాటకూడదు, తర్వాత ఫోన్‌లో చెప్పొచ్చులే అనుకున్నాను. శ్రీకాంత్ అప్పుడే హారతి కళ్ళకద్దుకుని వచ్చి, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు. వేలికున్న కుంకుమ నా టిక్కు పక్కన అంటుకుంది. నిమ్మకాయలు చితికాయి, కారు కదిలింది, చప్పట్లు కొట్టాం. ఫోన్ మాత్రం నేను చెయ్యలేదు.

ఇక్కడే ఒక మాట. ముహూర్తం మీదికి తప్పు నెట్టకండి, నేను నెట్టి చూశాను, నిలబడలేదు. పదిన్నరలోపు కారును నాలుగడుగులు కదిపితే సరిపోయేది. మళ్ళీ వెనక్కి తెచ్చి, గంటసేపు కూర్చోబెట్టి చూపించి ఉండొచ్చు. శ్రీకాంత్ కాదనేవాడు కాదు. ఆ సంగతి క్రెయిగ్‌కు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నన్ను అక్కడికి పంపిందే ఆ తెలివి ఉంటుందని.

మూడుసార్లు వచ్చి వెళ్ళింది

ఆ ఏడాదిలో కారు మూడుసార్లు వర్క్‌షాప్‌కు వచ్చింది. బ్యాటరీ తక్కువగా ఉందని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తోందని ఫిర్యాదు. రెండుసార్లు నేనే చూశాను. మిషన్ పెట్టి చూస్తే బ్యాటరీ బాగానే ఉందని వచ్చింది. నాకు నమ్మకం కలగలేదు, బ్యాటరీ మార్చేద్దాం అన్నాను. క్రెయిగ్ స్క్రీన్ కేసి చూపించి, "మిషన్ పాస్ అంటోంది. సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించి పంపించు" అన్నాడు. ఎక్కించి పంపించాను. నేను చూసిన ఆ రెండుసార్లూ తాడు సంగతి శ్రీకాంత్‌కు చెప్పొచ్చు. రెండుసార్లూ నాకు గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్తే, అప్పుడు చెప్పలేదని ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

డెయిరీ ముందు

జనవరి మధ్యాహ్నం, ఇక్కడ అది నడి వేసవి. అన్విని స్విమ్మింగ్ నుంచి తీసుకొస్తూ శ్రీకాంత్ వీధి చివర డెయిరీ దగ్గర ఆపాడు, ఇక్కడ చిల్లర కొట్టును అలాగే అంటారు. పాల సీసా ఒకటి తెచ్చుకోవాలి. పిల్ల వెనక సీట్లో బొమ్మల పుస్తకం చూస్తోంది. రెండు నిమిషాల పని, కారు కళ్ళ ముందే ఉంది. లాక్ చేసి లోపలికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి హ్యాండిళ్ళు బయటికి రాలేదు. రిమోట్ నొక్కాడు, కారు పలకలేదు. మళ్ళీ నొక్కాడు. బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. పైన గాజు కప్పు, నడినెత్తిన ఎండ, నల్ల తోలు. పిల్ల ముందు సీటు మీదికి వంగి బటన్ నొక్కుతోంది. ఏమీ కాలేదు. ఆ బటన్‌కు జానెడు కింద, రబ్బరు మ్యాట్ అడుగున తాడు ఉంది.

డెయిరీ నడిపే పెద్దాయన ఇనుప రాడ్డు తెచ్చి అద్దం మీద కొట్టాడు. బీటలు వారింది, పగల్లేదు. శ్రీకాంత్ పిడికిళ్ళతో గుద్దాడు, చేతులు చీరుకుపోయాయి. అరిచాడు. మా షోరూమ్‌కు ఫోన్ చేశాడు. ఫోన్ తీసిన అమ్మాయి సర్వీసుకు కలుపుతానని లైన్‌లో ఉంచింది, పాట వినిపించింది. ఫైరింజన్ వాళ్ళొచ్చి రంపంతో అద్దం కోసి తీసేసరికి అన్వి సీటు మీద వాలిపోయి ఉంది.

బతికింది. ఈ మాట ముందే చెప్పాల్సింది, కానీ ఆస్పత్రిలో కాచుకున్న ఆ ఇంట్లోవాళ్ళకు ఆ మాట రెండు రోజులు ఆలస్యంగా అందింది. చదువుతున్న మీకు రెండు వాక్యాలు ఆలస్యమైతే ఏం కాదు.

కాగితం

తాడు సంగతి తర్వాత తెలుసుకుని శ్రీకాంత్ షోరూమ్‌కు ఉత్తరం రాశాడు. ఇంత ప్రమాదకరమైన కారులో తప్పించుకునే దారి ఉంటే నాకెందుకు చెప్పలేదు అని. క్రెయిగ్ నన్ను గదిలోకి పిలిచి ఫైలు తెరిచి ఆ కాగితం ముందు పెట్టాడు. నా టిక్కు, నా సంతకం, శ్రీకాంత్ సంతకం, పక్కన ఎర్రటి వేలిముద్ర.

"నువ్వు చూపించావు కదా?" అన్నాడు.

నేను ఆ ఎర్ర మరక కేసే చూస్తున్నాను.

"చూపించావు. ఇక్కడుంది" అని ఫైలు మూసేశాడు. జవాబు అడగలేదు, తనకు కావలసిన జవాబును నా నోట్లో పెట్టాడు. అలాంటి బాస్‌లు మీకూ తగులుతారు. మొహం మీద కేకలేసేవాడు నయం. మీ చేత అబద్ధం చెప్పించకుండానే మీ అబద్ధాన్ని వాడుకునేవాడు ప్రమాదం. కానీ ఆ గదిలో నాకూ నోరుంది. అరవై ఐదు నిండడానికి కొన్ని నెలలే ఉంది, ఈ వయసులో మచ్చ ఎందుకని ఆ నోరు మూసుకున్నాను. షోరూమ్ వాళ్ళు చేతులు దులుపుకుంటూ, కస్టమర్‌కు అన్నీ చూపించి సంతకం తీసుకున్నామని మర్యాదగా జవాబు రాశారు.

అంతటితో ఆగితే నేను ఒక పిరికివాణ్ణి అంతే. వారం తర్వాత శ్రీకాంత్ వర్క్‌షాప్‌కు వచ్చాడు. గొడవకు వచ్చాడేమో అనుకున్నాను. కాదు. చేతికి కట్లు ఇంకా ఉన్నాయి. నన్ను పక్కకు పిలిచి, చిన్న గొంతుతో అడిగాడు.

"అంకుల్, ఆ రోజు మీరు నాకా తాడు ఎక్కడ నిలబడి చూపించారండీ? ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదు. పూజ హడావుడిలో నేనే సరిగ్గా వినలేదా?"

నా పని జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా నీచమైన పని అప్పుడు చేశాను. "ఆ రోజు అందరం హడావుడిలోనే ఉన్నాం కదా శ్రీకాంత్ గారూ" అన్నాను. అబద్ధం అనడానికి లేదు. అందుకే అది అబద్ధం కన్నా హీనం. ఆయన తల ఊపాడు. "అంతే అయ్యుంటుందిలెండి. నేనే మర్చిపోయుంటాను" అని, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

బోటనీ డౌన్స్

సెప్టెంబరులో ఒకరోజు బోటనీ డౌన్స్ షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో వాళ్ళను చూశాను. కూపే లేదు, పాత నాలుగు తలుపుల కారు. అన్వి వెనక తలుపు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. లోపల కూర్చుని మూసుకుని, లోపలినుంచి తెరిచి చూసుకుంది. అలా మూడుసార్లు. శ్రీకాంత్ సంచులు పట్టుకుని తలవంచుకుని ఎదురుచూస్తున్నాడు. తొందరపెట్టలేదు. అది వాళ్ళకు రోజూ ఉండే పనని చూస్తేనే తెలుస్తోంది.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టిన ఉత్తరం జేబులో ఉంది. శైలజ మంచినీళ్ళు తెచ్చింది. తాగకుండానే చెప్పేశాను. చూపించలేదు, చూపించకుండా టిక్కు పెట్టాను, మీరు మర్చిపోలేదు అని.

శ్రీకాంత్ ముందుకు వంగాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నేనొచ్చి అడిగాను కదా అంకుల్" అన్నాడు. "ఫస్ట్ మీరు చెప్పలేదు, సరే. పని హడావుడి. నేనొచ్చి మిమ్మల్ని అడిగాను కదా."

శైలజ గొంతు పెంచలేదు. "ఎనిమిది నెలల్నించి రోజూ పడుకునే ముందు పిల్ల దగ్గర కూర్చుని సారీ చెప్తున్నారండీ ఈయన. నేను కూడా ఈయన్నే అన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. నాకు చెప్పింది చాలు, దానికి చెప్పండి మీరు" అని అన్విని పిలిచింది.

ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. మెల్లగా చెప్పాను. ఆ కారులో ఒక తాడు ఉందమ్మా, లాగితే తలుపు వచ్చేది, ఆ సంగతి మీ నాన్నకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు అన్నాను.

"సో డాడ్ మర్చిపోలేదా?"

"మర్చిపోలేదమ్మా. ఆయనకి ఎవరూ చెప్పలేదు."

"అద్దం బయట డాడ్ మౌత్ పెద్దగా ఓపెన్ చేశాడు. సౌండ్ రాలేదు. నన్ను తిడుతున్నాడు అనుకున్నా" అంది. శ్రీకాంత్‌కు ఆ సంగతి తెలియదని అతని మొహం చూస్తే తెలిసింది. గొంతు కూడా దాటనివ్వని ఆ అద్దాన్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"మీకు తెలుసా, తాడు ఎక్కడుందో?" అని నన్ను అడిగింది.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

రాహుకాలం అందామనుకున్నాను. క్రెయిగ్ అందామనుకున్నాను. ఆ తాడును అక్కడ దాచిన కంపెనీ అందామనుకున్నాను. మూడూ నిజమే, మూడింటి మీదా నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. ఆ పిల్ల ముందు ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

అన్వి ఇంక నన్ను అడగలేదు. వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని, "నువ్వు మర్చిపోలేదు నాన్నా" అంది. తెలుగులోనే అంది. శ్రీకాంత్ ఆ చేతిలో మొహం పెట్టుకున్నాడు.

శ్రీకాంత్ నా ఉత్తరం చూపించాక షోరూమ్ వాళ్ళు ఆయనకు ఇంకో ఉత్తరం రాశారు. క్షమాపణ అన్న మాట అందులో ఎక్కడా లేదు. నాకు కేకు కోసి వీడ్కోలు చెప్పారు, క్రెయిగ్ రాలేదు. ఆ గడి ఆ కాగితంలో ఇప్పటికీ ఉంది, రేపు దాని ముందు పెన్ను పట్టుకుని నిలబడేది మీరే.

ఆ ఆదివారం నేను ఉత్తరం బల్ల మీద పెట్టి లేచాను. మనవాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా గేటు దాకా వచ్చి, కారు మలుపు తిరిగేదాకా నిలబడతారు. ఆ రోజు గేటు నేనే తీసుకుని, నేనే వేసుకుని వచ్చాను.